ఉంగా ఎవరి మాట?

పుట్టిన ఆరు వారాలకో ఎనిమిది వారాలకో బిడ్డ గొంతులోంచి ఏడుపు కాని చప్పుడు మొదటిసారి వస్తుంది. మనవాళ్లు దానికి ‘ఉంగా’ అని పేరు పెట్టారు. తెనాలిలో గానీ బాపట్లలో గానీ రేపల్లెలో గానీ ఆ చప్పుడు విన్న తల్లి ఊరుకోదు. “ఏందమ్మా, ఏం చెబుతున్నావు? కడుపు నిండలేదా?” అంటుంది. ఒక్క క్షణం ఆగుతుంది. “ఆఁ, నిండలేదంట!” అని జవాబు కూడా తనే చెబుతుంది. ప్రశ్న, జవాబు రెండూ ఆమెవే అయినప్పుడు మధ్యలో ఆ ఆగడం దేనికి? జవాబు రాదని నిశ్చయంగా తెలిసినవాళ్లు ఆగరు. ఆ క్షణంలో ఆమె మాట రాని ప్రాణికి మాట్లాడే వంతు ఇస్తోంది. ఇది వట్టి తల్లి మురిపెమా, లేక బిడ్డలో నిజంగా ఎవరో ఉండి ఆ వంతు అందుకుంటున్నారా? ఆ ఉంగా ఎవరి మాట? మన దర్శనాలు ఈ ప్రశ్న చుట్టూ శతాబ్దాలపాటు తిరిగాయి. బిడ్డ లోపల మాత్రమే వెతికితే దీనికి జవాబు దొరకదనీ, మనిషి ‘నేను’ అనుకోకముందే ఎవరికో ‘నువ్వు’ అవుతాడనీ, ఆ పిలుపులోంచే మాటకు అర్థం పుడుతుందనీ నా వాదం.

పసిబిడ్డను తత్త్వవిచారంలోకి సాక్షిగా పిలిచినవాళ్లలో నైయాయికులు ముఖ్యులు. గౌతముడి న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో ఆత్మ నిత్యమా కాదా అన్న చర్చకు ఆధారంగా నిలబడింది అప్పుడే పుట్టిన శిశువు. ఈ లోకంలో ఇంకా ఏమీ చూడనివాడికి సంతోషం, భయం, దుఃఖం ఎలా కలుగుతున్నాయి? మునుపు అలవాటైనవాటి జ్ఞాపకం ఉంటేనే అవి కలగాలి. ఈ జన్మలో ఆ అవకాశం లేదు గనుక అది పూర్వజన్మదే అని సిద్ధాంతి తర్కం. ప్రతివాది తేలిగ్గా వదల్లేదు. తామర విచ్చుకుంటుంది, ముడుచుకుంటుంది, దానికి ఏ జ్ఞాపకం ఉందని అడిగాడు. బిడ్డ పాల కోసం తడుముకోవడం పూర్వజన్మలో తిన్న అలవాటే అని సిద్ధాంతి అంటే, ఇనుము అయస్కాంతం వైపు పోవడం కూడా అలవాటేనా అని ఎదురడిగాడు. భర్తృహరి వాక్యపదీయంలో ఇంకా లోతుకు వెళ్లాడు. ఊపిరిని పైకి తోసి, నోటి లోపలి స్థానాలను తాకించి మొదటి ధ్వని పుట్టించడమే ఎవరూ నేర్పని పని. లోపల శబ్దసంస్కారం నిద్రాణంగా లేకపోతే శిశువుకు అది ఎలా చేతనవుతుందని అతని ప్రశ్న. ఆ లెక్కన ఉంగా పాత మాటకు కొత్త మొలక.

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దినాటివని చెప్పే బ్రాహ్మీ శాసనాలు దొరికిన బౌద్ధస్తూపం అక్కడిది. బౌద్ధం అంత తొందరగా వేళ్లూనిన నేల ఇది గనుక బౌద్ధ తార్కికుల మాటా ఇక్కడ వినాలి. మాట రానివాడికి తలపు ఉంటుందా అన్నది వాళ్ల చిక్కు. ధర్మకీర్తి తలపును నిర్వచిస్తూ మాటతో కలిసినది అని సరిపెట్టలేదు, మాటతో కలవడానికి తగినది అన్నాడు. ఎనిమిదో శతాబ్ది వ్యాఖ్యాత ధర్మోత్తరుడు ఆ జాగ్రత్తకు కారణం చెబుతూ పసిబిడ్డనే చూపించాడు: ఎదుట ఉన్న రొమ్మును ‘అదే ఇది’ అని గుర్తుపట్టేదాకా బిడ్డ ఏడుపు ఆపదు, నోరు ఆనించదు. ఎంత దగ్గరగా చూసి రాసిన వాక్యమో! ఆ పండితుడు ఏ బాలింత పక్కనో ఒక పూట గడిపి ఉండాలనిపిస్తుంది. మీమాంసకులదీ బిడ్డ కథే. పెద్దవాడొకడు ఆవును తెమ్మంటాడు, రెండోవాడు తెస్తాడు, పక్కన నిలబడి చూస్తున్న బాలుడు మాటకు అర్థం గ్రహిస్తాడు. వృద్ధవ్యవహారం అని దానికి పేరు. పదాలు ముందు అర్థమై వాక్యం తర్వాత కూడుతుందా, వాక్యంలోనే పదం అర్థమవుతుందా అని కుమారిలుడి వారూ ప్రభాకరుడి వారూ తరతరాలుగా తగవు పడ్డారు. ఆ బాలుణ్ణి మాత్రం ఎవరూ పలకరించలేదు.

నాకు లోటుగా తోచేది అక్కడే. ఈ వాదాల్లో స్తన్యం ఉంది, తల్లి లేదు. నైయాయికుడి బిడ్డ ఒంటరిగా నవ్వుతాడు, ఒంటరిగా జడుసుకుంటాడు. మీమాంసకుడి బిడ్డ ఇద్దరి మధ్య వ్యవహారానికి ప్రేక్షకుడు. వాళ్లు గొప్ప తార్కికులు. వాళ్ల సూక్ష్మదృష్టిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఉపనయనమై గురువు ముందు కూర్చున్న మనిషితో మొదలయ్యే విద్యలో బాలింత గది కనిపించకపోవడం సహజమే. కానీ ఆ గదిలో ఏం జరుగుతుందో గత యాభై ఏళ్లలో ఓపికగా చూసినవాళ్లున్నారు. వాళ్లు చూసినదాన్ని ఈ పాత చర్చలోకి తీసుకురాకపోతే చర్చ ఉన్నచోటే ఉంటుంది.

నైయాయికుడి మొదటి ఆధారం ‘ఈ జన్మలో ఇంకా ఏ అనుభవమూ లేదు’ అన్నది. అది నిలవదు. ఆరో నెల దాటాక గర్భంలో చెవి పనిచేయడం మొదలవుతుంది. అక్కడికి అన్ని గొంతుల్లోకీ స్పష్టంగా చేరేది తల్లిది, ఆమె ఎముకల గుండా కూడా వస్తుంది గనుక. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు మూడు రోజులు నిండని శిశువుల నోటికి పాలపీక లాంటిది అందించి, చప్పరించే తీరును బట్టి తల్లి గొంతో మరొక స్త్రీ గొంతో వినిపించే ఏర్పాటు చేశారు. బిడ్డలు తల్లి గొంతు వినిపించేలా తమ చప్పరింపును మార్చుకున్నారు. 2009లో జర్మనీలో వెర్మ్‌కే బృందం 30 మంది ఫ్రెంచి, 30 మంది జర్మను శిశువుల ఏడుపును నమోదు చేసి చూసింది. పుట్టి వారమైనా కాని ఫ్రెంచి బిడ్డల ఏడుపులో స్వరం ఎక్కువగా కిందినుంచి పైకి లేచింది, జర్మను బిడ్డలది పైనుంచి కిందికి దిగింది. ఆ భాషల నడకలూ అలాంటివే. ధర్మోత్తరుడి ‘అదే ఇది’కి కూడా తోడు దొరికింది. పుట్టిన వారంలోపే బిడ్డ తన తల్లి పాలతో తడిసిన గుడ్డ వైపు, ఇతర తల్లుల గుడ్డ వైపు కన్నా ఎక్కువగా ముఖం తిప్పుతుందని 1975లో మక్‌ఫార్లేన్ చూపించాడు. తల్లి గర్భంలో ఉండి ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడని భాగవతం చెబుతుంది. తత్త్వబోధ సంగతి అలా ఉంచితే, గర్భంలోని బిడ్డ వినగలదన్న ఊహ మాత్రం తప్పు కాలేదు. పూర్వజన్మ లేదని దీనితో రుజువు కాదు. బిడ్డ తెచ్చుకున్న ఎరుకకు పూర్వజన్మ దాకా పోనక్కర్లేదని మాత్రం తేలుతుంది; ఆ తొమ్మిది నెలలు ఉన్నాయి.

అసలు విషయం ఆ తర్వాత మొదలవుతుంది. మేరీ కేథరిన్ బేట్సన్ 1970ల మొదట్లో తల్లీబిడ్డల ఫిల్ములు పరిశీలిస్తూ, రెండు మూడు నెలల బిడ్డా తల్లీ వంతులవారీగా గొంతు కలుపుతున్నారని గమనించింది. ఒకరు ఆగితే ఒకరు అందుకుంటారు. మాటలు లేకపోయినా అది సంభాషణ ఆకారమే. ఎడిన్‌బరోలో కాల్విన్ ట్రెవార్తెన్ అదే దారిలో ఏళ్లతరబడి పనిచేశాడు. ఎడ్వర్డ్ ట్రానిక్ 1978లో ప్రచురించిన ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. మామూలుగా ఆడిస్తున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డను చూస్తూ ఉండమన్నారు. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చేతులాడిస్తుంది, ఉంగా అంటుంది. ఆమె పలకకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది, చివరికి ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది. తామరపువ్వు సూర్యుణ్ణి రమ్మని పిలవదు. ఇక్కడ బిడ్డ వంతు వచ్చేదాకా కూర్చోకుండా తనే పిలిచింది.

అయస్కాంతం వాదానికి నాకు తెలిసిన గట్టి సమాధానం 1985 నాటిది. లిన్ మర్రే, ట్రెవార్తెన్ కలిసి తల్లిని ఒక గదిలో, బిడ్డను ఒక గదిలో ఉంచి టీవీ తెరల ద్వారా ఒకరికొకరు కనబడేట్టు చేశారు. ఆరు నుంచి పన్నెండు వారాల బిడ్డలు తెరమీది తల్లితో హాయిగా కబుర్లాడారు. తర్వాత అదే తల్లి, అదే నవ్వు, అవే మాటలు రికార్డు నుంచి మళ్లీ వేశారు. ముఖం మారలేదు, గొంతు మారలేదు. తన ఉంగాకు ఆ నవ్వు జవాబు కావడం మాత్రం పోయింది. బిడ్డలు కలతపడ్డారు, చూపు తప్పించుకున్నారు. అయస్కాంతం అదే అయితే ఇనుము అలాగే లాగబడాలి కదా. ఈ ప్రయోగాన్ని తర్వాత చేసినవాళ్లలో కొందరికి అదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఎదుటివారిని చూసి నాలుక చాపుతుందని 1977లో మెల్ట్‌జాఫ్, మూర్ చెప్పినదాన్ని 2016లో వందకు పైగా బిడ్డలతో చేసిన పరిశీలన నిర్ధారించలేకపోయింది కూడా. అందువల్ల పుట్టిన గంటకే బిడ్డకు ఎదుటి మనిషి అంటే ఏమిటో తెలుసని నేను అనను. రెండు మూడు నెలలు వచ్చేసరికి బిడ్డకు ముఖంతో పాటు జవాబు కావాలి. నా వాదానికి ఆమాత్రం చాలు.

దీనికి హేతువాది ఆక్షేపణ ఒకటుంది, అది న్యాయమైనదే. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకున్న తెనాలిలో ఆ మాట వినకుండా దాటిపోకూడదు. బిడ్డకు గ్యాసు పట్టి ముఖం వంకర పోతే తల్లి నవ్విందని మురుస్తుంది. నిద్రలో పెదవి కదిలితే దేవుడు ఆడిస్తున్నాడంటారు. లేని అర్థాన్ని ఉన్నట్టు చూడటమే కదా ఇదంతా? కొంతవరకు అవును, మొదటి వారాల్లో తల్లి చూసే అర్థంలో చాలా భాగం బిడ్డలో లేదు. అయితే ఆమె చేస్తున్నది బిడ్డ గురించి ప్రకటన చేయడమయితే అది నిజమో అబద్ధమో తేల్చవచ్చు. ఆమె బిడ్డను పిలుస్తోంది. పిలుపుకు నిజం, అబద్ధం అన్న కొలత వేరు. పిలవగా పిలవగా పలికితే ఆ పిలుపు సార్థకం. తెలుగు తల్లి ఈ పిలుపులో చేసే ఒక పని నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. తను కన్న కూతుర్ని ‘అమ్మా’ అంటుంది, కొడుకును ‘నాన్నా’ అంటుంది. మాట రానివాళ్లకు తనకన్నా పెద్దవాళ్ల స్థానం ఇచ్చి మాట్లాడుతుంది. భాషలో అత్యంత గౌరవమైన రెండు సంబోధనలు ముందుగా చేరేది వాటిని ఇంకా పలకలేని చెవికే.

మతాలు కూడా ఇలా మాట రాని బిడ్డను పిలుస్తాయి. బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద పేరు రాసి బిడ్డ చెవిలో చెబుతారు. ముస్లిం ఇళ్లలో పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ వినిపిస్తారు. క్రైస్తవంలో ఈ ప్రశ్నమీద సంఘాలే విడిపోయాయి, ఆ విభజన రేఖ మన ఊళ్ల మధ్యే ఉంది. 1842లో గుంటూరు చేరిన హయ్యర్ దొర మొదలుపెట్టిన లూథరన్ మిషన్ తెనాలి, రేపల్లె వైపు విస్తరించింది. బాపట్ల అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రంగా ఉండేది. లూథరన్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు ఇవ్వరు, విశ్వాసం తన నోటితో ఒప్పుకోగల మనిషికే ఆ సంస్కారం అంటారు. బాప్టిస్టుల పట్టుదలలో మనిషి స్వేచ్ఛ పట్ల మర్యాద ఉంది. అడగకుండా ఎవరినీ ఏ మతంలోనూ చేర్చకూడదన్నది మంచి సూత్రమే. కానీ జవాబు చెప్పలేనివాణ్ణి పిలవడం అర్థం లేని పని అన్నది దానికింద దాగిన మాటయితే, ఆ మాట నిలవదు. మరియ పలకరింపు వినబడగానే ఎలీసబెతు గర్భంలోని బిడ్డ గంతులు వేసిందని లూకా సువార్త చెబుతుంది. పసివాళ్లకూ విశ్వాసం ఉండగలదనడానికి లూథర్ ఆ కథనే చూపించాడు. సంస్కారం ఎప్పుడివ్వాలన్నది ఆ సంఘాలే తేల్చుకోవలసిన సంగతి. పిలుపు ముందు, ఒప్పుకోలు తర్వాత అన్న క్రమం మాత్రం ప్రతి ఉయ్యాల దగ్గరా కనబడుతుంది.

ఇంకొక ఆక్షేపణ లోకం అవతలి అంచు నుంచి వస్తుంది. పాపువా న్యూగినీలో కాలూలీ ప్రజలు పసిబిడ్డలతో మాట్లాడరనీ, ఇంకా మెత్తనివాళ్లు, తెలివి రానివాళ్లు అంటారనీ బాంబీ షీఫెలిన్ రాసింది. వాళ్ల పిల్లలకూ మాటలు చక్కగానే వస్తాయి. అయితే తల్లి పలకరింపు అంత ముఖ్యమని ఎలా అనగలం? ఆమె రాసినదే ఇంకా చదివితే, ఆ తల్లి బిడ్డను బయటి వైపు తిప్పి పట్టుకుని, గొంతు సన్నం చేసి, బిడ్డే మాట్లాడుతున్నట్టుగా అన్నకో అక్కకో జవాబు చెబుతుంది. మన అమ్మమ్మ చేసేదీ అదే: “అత్తా, మా అమ్మ నాకు లాల పోయలేదు” అని మనవరాలి తరఫున వచ్చినావిడతో ఫిర్యాదు చేస్తుంది. కాళ్లు చాపుకుని బిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోసే ఆమె చేతులూ మాట్లాడుతూనే ఉంటాయి. ఎదురుగా పలకరించినా, బిడ్డ తరఫున పలికినా, మాటల మధ్య బిడ్డకొక చోటు కేటాయించడం రెండింటా ఉంది. చెవిటి తల్లులు చెవిటి బిడ్డలతో చేతిసైగలను నెమ్మదిగా, పెద్దవిగా చేసి మాట్లాడతారని జపానులో మసటాకా గమనించాడు. అంటే గొంతు కూడా తప్పనిసరి కాదు.

ఈ వాదం తల్లుల మీద మరో బరువు కాకూడదు, ఆ భయం నాకుంది. డెల్టాలో నాట్ల కాలంలో గట్టుమీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టి మడిలోకి దిగే తల్లికి రోజంతా బిడ్డ ముఖం చూస్తూ కూర్చునే వీలు ఏది? ఆ వీలు లేదని ఆ బిడ్డకు మనసు తక్కువ అనేవాడు అక్కడ ఉయ్యాల ఊపుతున్న ఏడేళ్ల అక్కను చూడలేదు. ట్రానిక్ లెక్కల్లోనే, బాగా ఆడుకుంటున్న తల్లీబిడ్డలకు కూడా పొంతన కుదిరేది సుమారు మూడో వంతు సమయమే. మిగతాదంతా తప్పుగా అర్థం చేసుకోవడం, సర్దుకోవడం, మళ్లీ ప్రయత్నించడం. ఆకలి అనుకుని పాలిస్తుంది, బిడ్డ ముఖం తిప్పుకుంటుంది, కడుపునొప్పి అనుకుని భుజాన వేసుకుంటుంది. ఉంగాకు అర్థం బిడ్డ లోపల ముందే సిద్ధంగా లేదు, తల్లి ఊహలోనూ పూర్తిగా లేదు. ఈ సర్దుబాట్లలో ఇద్దరి మధ్యా ఏర్పడుతుంది. భర్తృహరి శబ్దసంస్కారానికి నేనిచ్చే చోటు కూడా అక్కడే: విత్తనం ఉంది, అది మొలిచే మడి మాత్రం ఒంటరి గుండె కాదు.

నా వాదానికి అన్నిటికన్నా పెద్ద అడ్డు రమణ మహర్షి. ‘నేనెవరు’ ఉపదేశంలో ఆయన క్రమం స్పష్టం: నేను అనే తలపు ముందు, నువ్వు, అతడు అన్నవి దాని తర్వాతే. తెనాలిలో పెరిగిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాసి, పిల్లలు పెద్దల సొత్తు కాదని, వాళ్లూ మనుషులేనని గట్టిగా చెప్పినవాడు. 1950లో రమణుల అరుణాచలం చేరి 1979లో అక్కడే కన్నుమూశాడు. బిడ్డను ‘నువ్వు’గా చూడమన్నవాడే ‘నేను’ మూలాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. ఈ రెండూ ఢీకొంటాయా? రమణుల మాట పెద్దవాడి అహంకారం గురించి, నిద్రలేవగానే అది లేచే తీరు గురించి. అది ఆ మనిషిలో మొదట ఎలా కట్టబడిందన్నది వేరే ప్రశ్న. చాలామంది పిల్లలు ‘నేను’ అనేముందు ‘బుజ్జికి కావాలి’ అంటారు. ఎదుటివాళ్లు పెట్టిన పేరుతోనే తమను తాము మొదట పట్టుకుంటారు. అరువు తెచ్చుకున్న ఆ ‘నేను’ గట్టిగా వెతికితే జారిపోతుందని రమణులు అన్నారంటే, ఉయ్యాల దగ్గర కనిపించేది దానికి సాక్ష్యమే అవుతుంది గానీ ఖండన కాదు. అది జారిపోయాక మిగిలేది ఏమిటన్నదాని మీద పసిబిడ్డ ఏమీ చెప్పదు, నేనూ చెప్పను.

రేపల్లె అంటే తెలుగువాడికి రెండూళ్లు. ఒకటి కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉన్న రైల్వేస్టేషను ఊరు. రెండోది పోతన భాగవతంలోని నందుడి పల్లె. దేవుణ్ణి పసివాడిగా ఉయ్యాలలో వేసి జోలపాడే వాత్సల్యభక్తి తాళ్లపాక వారి కాలం నుంచీ మన గొంతుల్లో ఉంది. బిడ్డను పిలవడం సార్థకమయినట్టే విగ్రహాన్ని పిలవడమూ సార్థకమేనని అనబుద్ధేస్తుంది. ఆ అడుగు వేయడానికి నాకు ఆధారం లేదు. బిడ్డ తల్లిని సరిదిద్దుతుంది, ముఖం తిప్పుకుని ‘అది కాదు’ అంటుంది. ప్రార్థనను అలా సరిదిద్దే ముఖం ఎదుట కనబడదు. భక్తులు జీవితమే ఆ జవాబంటారు, కావచ్చు. యశోద కథలో మాత్రం నన్ను నిలిపేది కొడుకు నోట్లో బ్రహ్మాండం కనబడటం కాదు. కనబడిన ఆ క్షణంలో ఆమె ఇది కలా, మాయా, ఈ బాలుడు ఎవరు అని తర్కిస్తుంది. కొడుకు ఆమెకు ‘ఇతడు’ అవుతాడు. తర్వాత అదంతా మరుగునపడి, వాణ్ణి ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఆ మరుపును పురాణం విష్ణుమాయ అంది. ఒళ్లో ఉన్నవాడు మళ్లీ ‘నువ్వు’ అయ్యాడు.